మూడేళ్ల పాపకి ఇంట్లోనే జైలోఫోన్ చేద్దామనుకుంటున్నా, చెక్కతోనా అల్యూమినియంతోనా?

పాపనాన్న
అందరికీ నమస్కారం. మా పాపకి మూడేళ్లు నిండబోతున్నాయి. చేతికి దొరికినదాన్ని దేనికో దానికి కొట్టి చప్పుడు వినడమే దాని పని. బొమ్మ జైలోఫోన్ ఒకటి కొన్నాం గానీ అది మోగుతుంటే నాకు పళ్లు జివ్వుమంటున్నాయి, స నుంచి పైకి వెళ్తుంటే మధ్యలో ఒక పలక కిందకి దిగి మళ్లీ ఎక్కుతుంది. దాని బదులు నేనే ఒకటి చేద్దామని. రంపం, డ్రిల్లు, ఆకురాయి, ఎమరీ పేపరు ఉన్నాయి, స్టూళ్లూ అరలూ చేసిన అలవాటు ఉంది, వాయిద్యం మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఎనిమిది పలకలు చాలు. చెక్క మంచిదా అల్యూమినియం పట్టీ మంచిదా? ఏ పలక ఎంత పొడవు కోయాలో లెక్క ఏదైనా ఉందా, లేక కోసి విని కోసి విని పోవాల్సిందేనా? ఫ్రేముకి ఎలా బిగించాలి? వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు, ఒకాయన మేకులు దిగ్గొట్టేశాడు, ఇంకొకాయన ఏకంగా జిగురు పెట్టి అంటించేశాడు.

రంపంపొట్టు
జిగురు పెట్టినాయన చివర్లో వాయించి చూపించాడా? :) పలకని అంటించేస్తే అది బల్లలో భాగమైపోతుంది, ఇంక మోగేదేముంది. మీ ఆఖరి ప్రశ్నకే ముందు చెప్తాను, ఎందుకంటే చెక్కయినా లోహమైనా ఇది కుదరకపోతే మిగతా కష్టమంతా వృథా.

పలకని కొట్టినప్పుడు నడిమి భాగం కిందకి వంగితే కొసలు రెండూ పైకి లేస్తాయి, వెంటనే తిరగబడతాయి, ఇలా సెకనుకి కొన్ని వందలసార్లు. ఈ ఊపులో కదలకుండా ఉండే చోట్లు రెండే రెండు, ఒక్కో కొస నుంచి పొడవులో 22.4 శాతం దూరంలో. 30 సెంటీమీటర్ల పలకైతే 6.7 దగ్గర. పలక ఫ్రేముని తాకాల్సింది అక్కడే, ఇంకెక్కడా తాకకూడదు. కొలత మీద నమ్మకం లేకపోతే ఉప్పుతో చూడండి. పలకని రెండు స్పాంజి ముక్కల మీద పెట్టి, పైన సన్న ఉప్పు చల్లి, మధ్యలో మెల్లగా తడుతూ ఉంటే ఉప్పు గెంతుకుంటూ పోయి రెండు అడ్డగీతల్లా పోగవుతుంది. రంధ్రాలు అక్కడ వేయండి.

ఆ రంధ్రం స్క్రూ మందం కంటే పెద్దగా ఉండాలి. పలక కింద ఫెల్టు ముక్కో రబ్బరు వాషరో, పైన ఇంకో మెత్తటి వాషరు, దాని మీద స్క్రూ తల ఊరికే ఆనుకుని ఉండాలంతే. స్క్రూ కనపడగానే చివరిదాకా తిప్పేయాలనిపిస్తుంది మన చేతులకి, ఆ అలవాటు ఈ పనికి పనికిరాదు. వేలితో పట్టుకుంటే పలక కాస్త అటూ ఇటూ కదలాలి.

లెక్కలపిచ్చి
పొడవుల లెక్క ఉంది, చాలా శుభ్రంగా ఉంది కూడా. చాలామంది దీన్ని తీగ లెక్క అనుకుని చెడగొడతారు. తీగని సగం చేస్తే ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్న దూరం) పైకి వెళ్తుంది, పలకని సగం చేస్తే రెండు స్థాయిలు పైకి పోతుంది, ఎందుకంటే పౌనఃపున్యం పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. కాబట్టి పై షడ్జం కావాలంటే కింది షడ్జం పలక పొడవుని 0.707తో గుణించాలి. మందం రెట్టింపైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. వెడల్పుకి శ్రుతితో దాదాపు సంబంధమే లేదు, పిల్లల గురి సంగతి తెలుసు కదా, వెడల్పుగానే తీసుకోండి.

కింది స పొడవు ఏదైనా కానీయండి, దాన్ని 1 అనుకుంటే శంకరాభరణం రాగం స్వరాలకి రి 0.944, గ 0.891, మ 0.866, ప 0.817, ద 0.771, ని 0.728, పై స 0.707. అన్ని పలకలూ ఒకే పట్టీ నుంచి, ఒకే మందంతో కోసినప్పుడే ఇది పనిచేస్తుంది. 6 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీలో 24.4 సెం.మీ. ముక్క దాదాపు 523 హెర్ట్జ్ పలుకుతుంది, అంటే ఒకటో శ్రుతిలో స. అక్కడి నుంచి 23.0, 21.7, 21.1, 19.9, 18.8, 17.8, 17.3. మొత్తం 164 సెం.మీ., రంపం తినేదీ రాకుడుకి పోయేదీ కలుపుకుని 175 తీసుకుంటే సరిపోతుంది.

చెక్కకి ఇలా ముందే చెప్పలేం. ఒకే జాతి చెట్టు అయినా రెండు ముక్కలు ఒకేలా ఉండవు. నిష్పత్తులు అవే, ఫలితం మాత్రం ఉజ్జాయింపు.

తొందరమనిషి
మూడేళ్ల పిల్లకి హెర్ట్జ్‌లు ఎందుకండీ బాబూ. ఎనిమిది ముక్కలు చిన్నాపెద్దా కోసి వరసగా పేర్చి ఇచ్చేయండి, పది నిమిషాల పని. రెండు రోజులు వాయించి మంచం కిందకి తోసేస్తుంది.

శ్రుతిపెట్టె
తొందరమనిషి గారూ, తోసేసేది శ్రుతి లేకపోవడం వల్లేనేమో ఆలోచించండి. పిల్లలు మాటలు ఎలా పట్టుకుంటారో స్వరాల మధ్య దూరాన్నీ అలాగే విని విని పట్టుకుంటారు. ఏదో ఒకరోజు నోటితో పాడే పాటని పలకల మీద వెతుక్కోవడం మొదలుపెడతారు. వాయిద్యంలో ఆ స్వరం దొరక్కపోతే ఆట అక్కడితో ఆగిపోతుంది. శ్రుతి పెట్టడం అంత పెద్ద పనేం కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

పాపనాన్న గారూ, నా సలహా ఇంకొకటి. ఎనిమిదీ చేయండి గానీ మొదట్లో మ, ని రెండూ తీసేసి స రి గ ప ద స మాత్రమే ఉంచండి. అది మోహన రాగం. దాంట్లో పక్కపక్క స్వరాలు ఏవి కలిసి మోగినా గీరుకోవు, అర్ధ స్వరం దూరంలో ఉన్న జత ఒక్కటీ లేదు కదా. పాప రెండు చేతులతో ఇష్టమొచ్చినట్టు కొట్టినా వినబుద్ధి అవుతుంది. పిల్లల సంగీత బోధనకి పేరుపడ్డ కార్ల్ ఓర్ఫ్ పద్ధతిలో జైలోఫోన్‌లకి పలకలు ఊడదీసేలా పెట్టేది ఇందుకే, మొదట్లో ఆ రెండు స్వరాల పలకలు పక్కన పెట్టేస్తారు.

పాపనాన్న
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మోహనం ఐడియా చాలా బాగుంది. అయితే చెక్కా, అల్యూమినియమా? మనసు చెక్క మీదే ఉంది, పాత టేకు పలకలు కొన్ని ఉన్నాయి, 20 మి.మీ. మందం.

పాతఇనుము
మొదటిసారి అయితే అల్యూమినియమే అన్నా. మందం అంతటా ఒకేలా ఉంటుంది, ముడులుండవు, తేమకి ఉబ్బదు, లెక్కలపిచ్చి గారి పొడవులు దాదాపు అలాగే కుదురుతాయి. ఇనుప పట్టీ ఉన్నా పర్లేదు, వింతేంటంటే ఒకే కొలతలు ఉంటే ఉక్కూ అల్యూమినియమూ దాదాపు ఒకే శ్రుతి పలుకుతాయి, ఉక్కు మూడు రెట్లు బరువు కానీ బిగువు కూడా మూడు రెట్లు, రెండూ కొట్టుకుపోతాయి. అయినా పిల్లకి ఉక్కు వద్దు, బరువూ తుప్పూ. రాగి గొట్టాలతో చేసేవాళ్లున్నారు, మోత బాగుంటుంది గానీ చిలుము పడుతుంది, నోట్లో పెట్టుకునే వయసుకి నేను ఇవ్వను. జింకు పూత ఉన్న పైపుల జోలికి కూడా పోవద్దు.

కోసిన అంచులు మాత్రం ఓపిగ్గా రాకండి. అల్యూమినియం అంచు బ్లేడులా ఉంటుంది. ఆకురాయితో నాలుగు అంచులూ మూలలూ గుండ్రంగా చేసి, ఎమరీ పేపరు పట్టించి, మీ బుగ్గకి రాసుకుని చూడండి, గీరుకోకపోతేనే పాపకి.

రంపంపొట్టు
పాతఇనుము చెప్పింది నిజమే కానీ నా ఓటు చెక్కకే. కారణం శబ్దం. అల్యూమినియం కొడితే చాలాసేపు మోగుతూనే ఉంటుంది, పిల్ల దబదబా వాయిస్తే ఎనిమిది స్వరాలూ ఒకదానిమీదొకటి పడి ఒకటే హోరు. చెక్క టక్కున పలికి టక్కున ఆగిపోతుంది, ఏ స్వరం ఎప్పుడు కొట్టిందో పిల్లకే స్పష్టంగా వినిపిస్తుంది. ఇంట్లో మిగతావాళ్ల చెవులకీ మంచిది.

టేకు పర్లేదు, రోజ్‌వుడ్ అయితే మహారాజు, పెద్ద వాయిద్యాలు దాంతోనే చేసేవాళ్లు. చూసుకోవాల్సింది ఏంటంటే పోగు (చెక్కలో కనిపించే గీతలు) పలక పొడవునా తిన్నగా పోవాలి, ముడి ఉండకూడదు, బాగా ఎండి ఉండాలి. కోసే ముందే పరీక్ష చేయొచ్చు, ముక్కని ఒక కొసకి పొడవులో పావు వంతు కంటే కొంచెం ఇవతల రెండు వేళ్లతో వదులుగా వేలాడదీసి మధ్యలో కణుపుతో కొట్టండి. టంగ్ మంటే ఉంచుకోండి, దబ్ మంటే అది పీటకి పనికొస్తుంది. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ అసలొద్దు, వాటి మోత అక్కడికక్కడే చచ్చిపోతుంది. రోజ్‌వుడ్ కోస్తే మాస్క్ పెట్టుకోండి, ఆ పొట్టు చాలామందికి ఎలర్జీ.

20 మి.మీ. మందానికి 30 సెం.మీ. టేకు ముక్క వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల పలుకుతుంది, అంటే కీచుగానే ఉంటుంది. కిందకి దింపాలంటే పలక అడుగున, మధ్య భాగంలో విల్లులా తొలవాలి. మధ్యలో తగ్గించేకొద్దీ శ్రుతి దిగుతుంది, కొసలు కోసేకొద్దీ ఎక్కుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఏ పలకనైనా దారికి తేవచ్చు.

లెక్కలపిచ్చి
ఆ తొలవడం వల్ల ఇంకో లాభం. మందం ఒకేలా ఉన్న పలకలో మూల స్వరం మీద వినిపించే మొదటి ఉపస్వరం 2.76 రెట్లు ఉంటుంది. స్వరాల్లో చెప్పాలంటే పై స్థాయిలో శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఎక్కడో, అంటే ఏ స్వరమూ కాదు. అందుకే సాదా పలకకి ఆ రేకు డబ్బా వాసన కొంచెం ఉంటుంది. మధ్యలో తొలిస్తే మూల స్వరం ఎక్కువగా, ఉపస్వరం తక్కువగా దిగుతాయి, వాటి మధ్య దూరం పెరుగుతుంది. జైలోఫోన్‌లకి దాన్ని 3 రెట్ల దగ్గర నిలుపుతారు, పై స్థాయి పంచమం, చక్కగా కలుస్తుంది. మరింబాకి (జైలోఫోన్ లాంటిదే, ఇంకా పెద్ద చెక్క పలకల వాయిద్యం) 4 రెట్లు. పాపాయి బొమ్మకి ఇదంతా అక్కర్లేదు, తెలిస్తే ఆసక్తిగా ఉంటుందని.

ఇద్దరిఅమ్మ
అందరూ పలకల గురించే మాట్లాడుతున్నారు, కొట్టే పుల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలు ఉన్నాయా లేదా చూడటానికి 31.7 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టం వాడతారు, అందులో పూర్తిగా పట్టేసేది ఏదైనా గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. కాబట్టి పుల్ల చివర గుండు అంతకంటే పెద్దది పెట్టండి, జిగురు ఒక్కటే నమ్ముకోకుండా అడ్డంగా సన్న చెక్క మేకు కూడా దించండి, మీ బలమంతా పెట్టి లాగినా ఊడకూడదు. మూడు నిండినా ఇంట్లో ఇంకో చిన్నది ఉంటే ఇదే జాగ్రత్త. పుల్ల పొట్టిగా, పిల్ల గుప్పిట్లో పట్టేంత లావుగా ఉండాలి, పొడుగు పుల్ల పట్టుకుని పరిగెత్తితే కళ్లకి ప్రమాదం. రెండో కొసకి కూడా గుండు పెడితే ఇంకా మంచిది.

పలకలకి రంగులు వేయాలనిపిస్తుంది, సీసం లేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న రంగే వాడండి. చెక్కకైతే తేనెమైనం రుద్దితే చాలు. వాషర్లు, స్క్రూలు వారానికోసారి చూసుకోండి, వదులుగా బిగించమంటున్నారు కాబట్టి మరీను.

శ్రుతిపెట్టె
అక్కా, రంగు విషయంలో ఇంకోటి. దట్టంగా పూస్తే మోత కొంచెం మందగిస్తుంది, శ్రుతి కూడా కదులుతుంది. స్వరానికో రంగు చుక్క ఒక కొసన పెడితే సరిపోతుంది, కింది స, పై స ఒకే రంగు. గుండు గట్టిదనం కూడా ముఖ్యం, చెక్క పలకలకి చెక్క గుండు లేదా గట్టి రబ్బరు బంతి, అల్యూమినియానికి రబ్బరే మేలు, చెక్క గుండుతో కొడితే చెవిలో దూరినట్టుంటుంది. దూది కట్టిన పుల్లతో మాత్రం రెండింటికీ ఏమీ పలకదు.

పాపనాన్న
అప్‌డేట్. పాతఇనుము అన్న మాట విని అల్యూమినియంతోనే మొదలుపెట్టాను, 6 మి.మీ. మందం, 40 మి.మీ. వెడల్పు. చెక్కది తర్వాత ఎలాగూ చేస్తాను. అన్నీ లెక్క కంటే 2 మి.మీ. ఎక్కువ ఉంచి కోశాను. ఇప్పుడు ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తుంటే పిచ్చెక్కుతోంది. కింది స కొడితే ఒకసారి సరిగ్గానే చూపిస్తుంది, ఇంకోసారి సంబంధం లేని ఏదో స్వరం చూపించి సూది గెంతుతుంది. యాప్ తప్పా, పలక తప్పా?

లెక్కలపిచ్చి
రెండూ కాదు, నేను పైన చెప్పిన 2.76 ఉపస్వరం అది. యాప్ ఒకసారి మూల స్వరాన్ని, ఒకసారి దాన్ని పట్టుకుంటోంది. పలకని ఆ రెండు చోట్ల స్పాంజి మీద పెట్టి, మెత్తటి రబ్బరు గుండుతో సరిగ్గా నడిమధ్యన కొట్టండి. ఆ ఉపస్వరానికి నడిమధ్య కదలిక లేని చోటు, అక్కడ కొడితే అది లేవదు. కొసల దగ్గర కొడితే అదే ఎక్కువ వినిపిస్తుంది. ఫోను దగ్గరగా పెట్టండి, కొట్టిన మొదటి క్షణం వదిలేసి తర్వాత నిలకడగా ఉన్న అంకె చూడండి.

పాతఇనుము
రాకిన వెంటనే కొలవొద్దు అన్నా. వేడిగా ఉన్న లోహం కాస్త తక్కువ శ్రుతి చూపిస్తుంది, చల్లారాక ఎక్కుతుంది, మీరు అప్పటికే ఎక్కువ కోసేసి ఉంటారు. 24 సెం.మీ. పలకలో ఒక్క మిల్లీమీటరు తీస్తే దాదాపు 14 సెంట్లు పెరుగుతుంది. అర్ధ స్వరం అంటే 100 సెంట్లు. కాబట్టి చివరి మిల్లీమీటరు రంపంతో కాదు, ఆకురాయితో. అటూ ఇటూ 5 సెంట్ల లోపు వస్తే ఆపేయండి, అంతకంటే సాగదీయడం మన సరదాకే. ఎక్కడైనా ఎక్కువ కోసేస్తే పలక తిప్పి అడుగున నడిమధ్య ఆకురాయితో అడ్డంగా గీకండి, మళ్లీ దిగుతుంది.

తొందరమనిషి
రంధ్రాలు శ్రుతి పెట్టక ముందా, తర్వాతా? (అవును, నేనూ మొదలుపెట్టాను. మా అన్నయ్య కొడుక్కి. నవ్వుకోండి.)

రంపంపొట్టు
రండి రండి :) ముందే వేయాలి, రంధ్రం వల్ల కూడా శ్రుతి కొద్దిగా మారుతుంది. లెక్క కంటే 2 మి.మీ. ఎక్కువ పొడవుతో కోసి, 22.4 శాతం దగ్గర రంధ్రాలు వేసి, ఆ తర్వాత రెండు కొసల నుంచీ సమానంగా రాకుతూ శ్రుతికి తెండి. ఆ కాస్త రాకుడుకి రంధ్రాల చోటు మారినట్టు లెక్క కాదు.

ఫ్రేము ఎలా అని ఎవరైనా అడిగే లోపే చెప్తున్నా. రెండు చెక్క పట్టాలు, ఒక పక్క వెడల్పుగా ఇంకో పక్క ఇరుకుగా. రెండు రంధ్రాల మధ్య దూరం పలక పొడవులో 55 శాతం కాబట్టి 24.4 పలక దగ్గర పట్టాల నడుమ 13.5, 17.3 పలక దగ్గర 9.5 సెం.మీ. మధ్యలో పలకలకి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, పట్టించుకోవద్దు. పట్టాల చుట్టూ పలచటి చెక్కతో అడుగు మూసిన పెట్టెలా కడితే మోత నిండుగా వస్తుంది, పైగా కింద వేళ్లు దూర్చే పని ఉండదు.

పాపనాన్న
ఏడు పలకలు అద్భుతంగా మోగుతున్నాయి. మ ఒక్కటే కొట్టగానే జుయ్ మంటోంది. విడిగా స్పాంజి మీద పెడితే శుభ్రంగా ఉంది, ఫ్రేము ఎక్కితేనే ఆ రొద.

పాతఇనుము
విడిగా బాగుందంటే పలక మంచిదే. వాషరు ఎక్కడో లోహానికి లోహం తగులుతోంది, లేదా స్క్రూ మర రంధ్రం గోడకి ఆనుతోంది, లేదా పక్క పలక అంచు తగులుతోంది. పలకల మధ్య కాగితం ముక్క జార్చి చూడండి, ఎక్కడైనా ఇరుక్కుంటే అదే. కాకపోతే స్క్రూ కాడకి చిన్న రబ్బరు గొట్టం తొడగండి.

పాపనాన్న
స్క్రూ మరే. సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగాను, రొద పోయింది. పాప ప్రస్తుతానికి స రి గ ప ద మీదే ఉంది, మ, ని డ్రాయరులో దాచాను. ఒక ప్రశ్న మిగిలింది, శ్రుతిపెట్టె గారికి. పెద్దయ్యాక సంగీతం నేర్పిస్తే మొదట సరళీ స్వరాలు మాయామాళవగౌళలో కదా చెప్తారు, అప్పుడు దీన్ని మార్చుకోవచ్చా, కొత్తది చేయాలా?

శ్రుతిపెట్టె
రెండు పలకలు చాలు. శంకరాభరణానికీ మాయామాళవగౌళకీ తేడా రి, ద మాత్రమే, రెండూ అర్ధ స్వరం కిందకి దిగుతాయి. మీ పట్టీ ముక్క మిగిలి ఉంటే రి 23.7, ద 19.4 కోసి శ్రుతికి తెండి. రంధ్రాలు మాత్రం ఇప్పుడున్న రి, ద పలకల రంధ్రాల మధ్య ఎంత దూరం ఉందో అంతే దూరంలో, పలక నడిమధ్య నుంచి కొలిచి వేయండి, లేకపోతే ఫ్రేము మీద స్క్రూలకి అందవు. 22.4 శాతానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా పడుతుంది, దానికి మోత తగ్గదు. పక్క పలకకి తగలకుండా వెడల్పు అదే ఉంచండి.